ఒకే ఇల్లు, ఇద్దరు పన్ను అధికారులు: సరిహద్దు దాటిన వారసత్వం లెక్క

“మన దేశంలో వారసత్వ పన్ను లేదు కదా!” విదేశంలో స్థిరపడిన పిల్లలకు తల్లిదండ్రుల ఇల్లు సంక్రమించినప్పుడు ముందుగా వినిపించే మాట ఇది. మాటలో అబద్ధం లేదు. భారత్‌లో 1985 మార్చి 16 నుంచి జరిగిన మరణాలకు ఆ పన్ను లేదు. చిక్కంతా ‘మన దేశం’ దగ్గరే. ఇల్లు ఒక దేశంలో, చనిపోయిన వ్యక్తి నివాసం రెండో దేశంలో, వారసురాలు మూడో దేశంలో ఉంటే అందులో ఏది మన దేశం? మూడు ప్రభుత్వాలూ ‘మాదే’ అనవచ్చు. ఒక్కోసారి మూడూ ‘మాకు సంబంధం లేదు’ అని ఊరుకోవచ్చు కూడా.

2024 ఏప్రిల్‌లో, మన లోక్‌సభ ఎన్నికల ప్రచారం మధ్య, అమెరికాలో వారసత్వంపై వేసే పన్ను ప్రస్తావనకు వచ్చి పెద్ద రగడ నడిచింది. ఆ పన్ను పేరు అప్పటి నుంచి జనం నోళ్లలో నానుతోంది. అయితే ఆ ఒక్క పేరు కింద స్వభావంలో ఏమాత్రం పోలిక లేని మూడు పన్నులు తిరుగుతున్నాయి. ముందు వాటిని విడదీయాలి.

పోయినవారి మీద, పొందినవారి మీద, పెరిగిన విలువ మీద

మొదటిది ఎస్టేట్ పన్ను. చనిపోయిన వ్యక్తి వదిలి వెళ్లిన ఆస్తినంతా ఒక కుప్పగా చూసి, వారసులకు పంచకముందే అందులోంచి ప్రభుత్వం తన భాగం తీసుకుంటుంది. వారసులు ఒకరా పదిమందా అన్నది దానికి ప్రధానం కాదు. అమెరికా ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) పన్ను ఈ కోవలోది. బ్రిటన్‌ది పేరుకు వారసత్వ పన్నే అయినా స్వభావంలో ఇదే.

రెండోది అసలైన వారసత్వ పన్ను. ఇక్కడ లెక్క వారసుడి వైపు నుంచి మొదలవుతుంది. ఎవరికి ఎంత దక్కింది, చనిపోయినవారికి ఏమవుతారు అన్నదాన్ని బట్టి మినహాయింపూ రేటూ మారతాయి. జర్మనీలో తల్లి లేదా తండ్రి నుంచి ఒక్కో సంతానానికి 4 లక్షల యూరోల వరకు పన్ను ఉండదు. ఫ్రాన్స్‌లో ఆ పరిమితి లక్ష యూరోలే. అదే ఫ్రాన్స్‌లో ఏ బంధుత్వమూ లేని వ్యక్తికి ఇల్లు రాసిస్తే 60 శాతం పన్ను. జపాన్‌లో గరిష్ఠ రేటు 55 శాతం.

మూడోది వారసత్వ పన్ను కాదు, కానీ వారసులను ఎక్కువగా తాకేది ఇదే: మూలధన లాభాల పన్ను. ఇల్లు కొన్న నాటి ధరకూ ఇప్పటి ధరకూ మధ్య తేడా మీద పడుతుంది. భారత్‌లో అమ్మినప్పుడు వస్తుంది. కెనడాలో మనిషి చనిపోయిన క్షణాన ఇల్లు అమ్మేసినట్టే భావించి లెక్కిస్తారు. వారసత్వ పన్ను లేదని చెప్పే దేశాల్లో చాలావాటికి ఈ మూడో ద్వారం తెరిచే ఉంటుంది.

పన్ను వేసే హక్కు ఎక్కడి నుంచి వస్తుంది

ప్రతి దేశం మూడు కొక్కేల్లో ఒకటో రెండో వాడుతుంది. ఇల్లు మా నేల మీద ఉంది అన్నది మొదటిది. భూమిని మోసుకుపోలేరు కాబట్టి దీన్ని ఎవరూ వదులుకోరు, మిగిలిన దేశాలు కూడా పెద్దగా కాదనవు. 1982లో ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలున్న ఆర్థిక సహకార సంస్థ) తయారుచేసిన నమూనా ఒప్పందంలోనూ స్థిరాస్తి ఉన్న దేశానికి పన్ను హక్కు ఇచ్చారు.

రెండో కొక్కెం, చనిపోయిన వ్యక్తి మావాడు. ‘మావాడు’ అంటే ఎవరన్నది దేశానికో తీరు. బ్రిటన్ చాలాకాలం ‘డొమిసైల్’ అనే భావన మీద నడిచింది. ఎక్కడుంటున్నారు అన్నదాని కంటే చివరికి ఏ నేలను తనదిగా భావించారు అన్నదానికి అందులో బరువెక్కువ. మనసులోని ఉద్దేశాన్ని కాగితాల మీద రుజువు చేయాల్సి వచ్చేది, అందుకే కోర్టులకు తీరిక ఉండేది కాదు. 2025 ఏప్రిల్ 6 నుంచి ఆ పద్ధతి తీసేసి సంవత్సరాల లెక్క పెట్టారు. గత 20 పన్ను సంవత్సరాల్లో 10 బ్రిటన్‌లో నివాసి అయితే ప్రపంచంలో ఎక్కడున్న ఆస్తి అయినా లెక్కలోకి వస్తుంది. దేశం విడిచి వెళ్లినా, ఉన్న కాలాన్ని బట్టి మూడు నుంచి పదేళ్ల వరకు ఆ ముద్ర పోదు. అమెరికా అయితే పౌరుడు ఏ ఖండంలో చనిపోయినా తన లెక్కలోనే ఉంచుకుంటుంది.

మూడోది, వారసుడు మావాడు. చాలామంది ఊహించని కొక్కెం ఇదే. భారత్‌లో పుట్టి, భారత్‌లోనే చనిపోయిన తండ్రి భారత్‌లోని ఇల్లు పిల్లలకు వదిలినా, కూతురు జర్మనీలో నివాసి అయితే జర్మనీ ఆమె వాటా మీద పన్ను అడగవచ్చు. గత పదేళ్లలో ఆరేళ్లు ఫ్రాన్స్‌లో పన్ను నివాసిగా ఉన్న వారసుడి విషయంలో ఫ్రాన్స్ కూడా అంతే. జపాన్‌లోనూ వారసుడి నివాసానికి పాత్ర ఉంది, ఉద్యోగ వీసాల మీద తాత్కాలికంగా ఉంటున్నవారికి కొన్ని మినహాయింపులున్నాయి. తండ్రి జీవితంలో ఒక్కసారైనా చూడని దేశం ఆయన ఇంటి లెక్క అడుగుతుందన్నమాట.

అమెరికాలో ఇల్లు, యజమాని మాత్రం అక్కడ లేరు

అమెరికా ఎస్టేట్ పన్ను కోటీశ్వరులకే అని అందరూ అంటారు. పౌరుల విషయంలో, అక్కడే స్థిరనివాసం ఏర్పరచుకున్నవారి విషయంలో అది నిజమే. 2026లో చనిపోయినవారికి మినహాయింపు 1.5 కోట్ల డాలర్లు. దానికి లోపల ఉన్న ఆస్తికి ఫెడరల్ ఎస్టేట్ పన్ను లేదు. కొన్ని రాష్ట్రాల సొంత పన్నులు వేరు, ఒరెగాన్‌లో 10 లక్షల డాలర్లు దాటితేనే మొదలవుతుంది.

పౌరుడు కాక, స్థిరనివాసమూ లేని వ్యక్తి పేరిట అమెరికాలో ఇల్లుంటే మినహాయింపు 60 వేల డాలర్లు మాత్రమే. సున్నాలు జారిపోలేదు, అరవై వేలే. కొడుకు అక్కడ చదువుకునే రోజుల్లో భారత్‌లోని తల్లి తన పేరిట 5 లక్షల డాలర్ల ఇల్లు కొని, తర్వాత చనిపోయిందనుకుందాం. అప్పులు లేవు, రెండు దేశాల మధ్య ఎస్టేట్ పన్ను ఒప్పందమూ లేదు. పన్ను పట్టిక ప్రకారం 5 లక్షలకు 1,55,800 డాలర్లు. అందులోంచి మినహాయింపు ఉన్న 60 వేల మీద పడే పన్ను 13,000 తీసేస్తే కట్టాల్సింది 1,42,800. పక్కింట్లో అదే ధర ఇంటితో ఒక అమెరికా పౌరురాలు చనిపోతే ఆమె వారసులు కట్టేది సున్నా. తేడా ఇంట్లో లేదు, యజమాని హోదాలో ఉంది.

ఒకే ఇంటికి రెండుసార్లు కట్టాలా?

తల్లి బ్రిటన్‌లో జీవించి అక్కడే చనిపోయింది. ఆమెకున్నది 6 లక్షల పౌండ్ల ఇల్లు ఒక్కటే. ఒక్కగానొక్క కూతురు జర్మనీలో ఉంటుంది. బ్రిటన్‌లో అందరికీ ఉండే మినహాయింపు 3,25,000 పౌండ్లు, 2009 నుంచి ఈ అంకె కదల్లేదు. నివసించిన ఇంటిని సంతానానికి వదిలితే అదనంగా 1,75,000. కలిపితే 5 లక్షలు. మిగిలిన లక్ష మీద 40 శాతం, అంటే 40 వేల పౌండ్లు.

ఇక జర్మనీ. పౌండుకు 1.15 యూరోలు అనుకుంటే ఇంటి విలువ 6,90,000 యూరోలు. కూతురి మినహాయింపు 4 లక్షలు పోను 2,90,000. ఆ స్థాయికి సంతానానికి వర్తించే రేటు 11 శాతం కాబట్టి 31,900 యూరోలు. ఈ రెండు దేశాల మధ్య వారసత్వ పన్ను ఒప్పందం లేదు. అయినా జర్మనీ చట్టమే, విదేశంలోని ఆస్తికి అక్కడ కట్టిన పన్నును తన పన్నులోంచి తగ్గించుకోనిస్తుంది. బ్రిటన్‌లో కట్టింది యూరోల్లో 46,000. అది 31,900ను పూర్తిగా మింగేస్తుంది. జర్మనీకి కట్టేదేమీ లేదు. అలాగని మిగిలిన 14,100ను ఎవరూ వెనక్కివ్వరు. రెండు పన్నుల్లో ఏది పెద్దదో అదే చివరికి మిగిలే భారం, ఇలాంటి తగ్గింపు పని చేసే తీరే అంత.

తగ్గింపు ఎప్పుడూ దొరుకుతుందన్న హామీ మాత్రం లేదు. జర్మనీ నివాసి ఒకరు స్పెయిన్ బ్యాంకుల్లో డబ్బు వదిలి చనిపోతే, రెండు దేశాలూ పన్ను వేశాయి. స్పెయిన్‌లో కట్టినదాన్ని తన పన్నులోంచి తగ్గించడానికి జర్మనీ ఒప్పుకోలేదు. వివాదం యూరోపియన్ యూనియన్ న్యాయస్థానానికి వెళ్లింది. ఇది యూనియన్ చట్టానికి విరుద్ధం కాదని 2009లో తీర్పు వచ్చింది. స్వేచ్ఛగా సరిహద్దులు దాటే హక్కు ఉంది, దాటినందుకు రెండు పన్నులు పడకూడదన్న హక్కు మాత్రం లేదు.

ఒప్పందాల చుట్టూ ఒక అపోహ

“రెండు దేశాల మధ్య డబుల్ టాక్స్ ఒప్పందం ఉంది, భయం లేదు” అనేవారు ఒక విషయం మరచిపోతారు. దేశాల మధ్య ఉన్న ఒప్పందాల్లో ఎక్కువ భాగం ఆదాయ పన్నుకు సంబంధించినవి. ఎస్టేట్, వారసత్వ పన్నులకు వేరే ఒప్పందాలు కావాలి, అవి అరుదు. భారత్, అమెరికాల మధ్య ఉన్నది మొదటి రకమే.

బ్రిటన్‌తో మాత్రం ఒక విచిత్రం ఉంది. భారత్‌లో ఎస్టేట్ డ్యూటీ (అప్పటి ఎస్టేట్ పన్ను) ఉన్న రోజుల్లో, 1956లో, రెండు దేశాలూ ఆ పన్ను మీద ఒప్పందం చేసుకున్నాయి. భారత్ 1985లో పన్ను ఎత్తేసింది. ఒప్పందాన్ని మాత్రం ఎవరూ ఎత్తేయలేదు. భారతీయ చట్టం దృష్టిలో భారత్‌లోనే డొమిసైల్ ఉన్న వ్యక్తి బ్రిటన్‌లో ఏళ్ల తరబడి ఉన్నా, ఆయనకు భారత్‌లో ఉన్న ఇంటి మీద బ్రిటన్ చేయి పడకుండా ఈ పాత కాగితం ఇప్పటికీ అడ్డుకోగలదు. దానికీ షరతులున్నాయి. ఆ ఆస్తి బ్రిటన్ చట్టానికి లోబడి రాసిన వీలునామా ద్వారా సంక్రమించకూడదన్నది వాటిలో ముఖ్యమైనది. అంటే వీలునామా ఏ దేశ చట్టం కింద రాశారన్న చిన్న విషయం 40 శాతం పన్నును తెచ్చిపెట్టగలదు, తప్పించగలదు.

అక్కకు ఒక లెక్క, తమ్ముడికి ఒక లెక్క

తెలుగు కుటుంబాల్లో ఎక్కువగా ఎదురయ్యే పరిస్థితి వేరు: ఇల్లు భారత్‌లో, వారసుల్లో ఒకరు అమెరికాలో. ఇక్కడ వారసత్వ పన్ను ఊసే లేదు. అయినా లెక్క చిక్కుపడేది ఇక్కడే.

తండ్రి 1990లో కొన్న ఇల్లు. 2001 ఏప్రిల్ 1 నాటి విలువ 40 లక్షల రూపాయలు. 2023లో ఆయన చనిపోయిననాడు 1.5 కోట్లు. అక్క అమెరికాలో, తమ్ముడు భారత్‌లో. ఇద్దరికీ చెరిసగం వచ్చింది. 2025లో 1.6 కోట్లకు అమ్మారు.

వారసత్వంగా వచ్చినందుకు భారత్‌లో ఇద్దరికీ పన్ను లేదు. అమ్మినందుకు ఉంది. వారసుడికి ఇల్లు ఉచితంగా వచ్చినా, చట్టం తండ్రి కొన్న ధరనే వారసుడి ధరగా తీసుకుంటుంది. 2001కి ముందు కొన్నదైతే ఆ ఏడాది ఏప్రిల్ 1 నాటి విలువను బదులుగా వాడుకోవచ్చు. అక్క వాటాకు ధర 20 లక్షలు, అమ్మకం 80 లక్షలు, లాభం 60 లక్షలు. 12.5 శాతం చొప్పున 7.5 లక్షలు. సర్‌చార్జి, సెస్సు అదనం.

తమ్ముడికీ అంతే అనుకుంటే పొరపాటు. 2024 జులై 23కు ముందు సంపాదించిన ఇళ్లకు, దేశంలో నివసించే వ్యక్తులకు ఇంకో లెక్క కూడా అందుబాటులో ఉంచారు. ధరల పెరుగుదలను కలిపి లాభం తగ్గించుకుని, దాని మీద 20 శాతం. 2001-02లో 100గా ఉన్న ద్రవ్యోల్బణ సూచీ 2025-26కు 376. ఆయన 20 లక్షలు 75.2 లక్షలవుతాయి. లాభం 4.8 లక్షలే మిగులుతుంది. అందులో 20 శాతం 96 వేలు. రెండింటిలో తక్కువదే కడతారు. విదేశీ నివాసులకు ఈ వెసులుబాటు లేదు. ఒకే గోడలు, ఒకే తండ్రి, చెరిసగం వాటా, పన్ను మాత్రం ఒకరికి 7.5 లక్షలు, ఇంకొకరికి 96 వేలు. (సూచీని తండ్రి కాలం నుంచి లెక్కించవచ్చని బొంబాయి హైకోర్టు చెప్పింది. ఈ ఉదాహరణ ఆ దారిలోనే నడిచింది.)

కొనుగోలుదారు ముందుగానే కోసి ప్రభుత్వానికి కట్టే టీడీఎస్‌లోనూ ఇదే తేడా. తమ్ముడి వాటాలో ఒక శాతం, 80 వేలు పట్టుకుంటే సరిపోతుంది. అక్క విషయంలో లాభం మీద పూర్తి పన్ను పట్టుకోవాలి. లాభం ఎంతో కొన్నవారికి తెలియదు కాబట్టి, పన్ను శాఖ నుంచి తక్కువ కోతకు ధ్రువపత్రం లేకపోతే మొత్తం 80 లక్షల మీదా కోసేయడం పరిపాటి. 10 లక్షలు పోతాయి. అదనంగా పోయిన 2.5 లక్షలు రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవాలి. డబ్బును విదేశానికి పంపడానికి ఏడాదికి 10 లక్షల డాలర్ల పరిమితి ఉంది, మధ్యతరగతి ఇంటికి అది చాలు.

ఇప్పుడు అమెరికా వైపు. అక్క అక్కడ పన్ను నివాసి కాబట్టి ప్రపంచంలో ఎక్కడ వచ్చిన లాభమైనా చెప్పాలి. కానీ అమెరికా చట్టానికి తండ్రి కొన్న ధరతో పని లేదు. వారసత్వంగా వచ్చిన ఆస్తికి, మరణించిన రోజు నాటి మార్కెట్ విలువే వారసురాలి ధర. తండ్రి అమెరికా గడప తొక్కకపోయినా, ఎస్టేట్ పన్ను కట్టకపోయినా ఇది వర్తిస్తుంది. ఆమె వాటా 75 లక్షలు. డాలరు 83 రూపాయలప్పుడు సుమారు 90,360 డాలర్లు. అమ్మిన 80 లక్షలు, డాలరు 87 అయినప్పుడు సుమారు 91,950. రూపాయల్లో 5 లక్షల లాభం డాలర్లలో 1,600కు కుంచించుకుపోయింది. 15 శాతం రేటు అనుకుంటే పన్ను 240 డాలర్లు. భారత్‌లో కట్టిన 7.5 లక్షలు దాదాపు 8,600 డాలర్లు కాబట్టి ఈ 240 తుడిచిపెట్టుకుపోతుంది. మిగిలిన తగ్గింపును ఒక ఏడాది వెనక్కీ పదేళ్లు ముందుకూ జరుపుకోవచ్చు గానీ, అదే తరహా విదేశీ ఆదాయం మళ్లీ వస్తేనే పనికొస్తుంది.

ఒకే ఇంటికి రెండు దేశాల పుస్తకాల్లో రెండు ‘కొన్న ధరలు’ ఉన్నాయన్నది నా దృష్టిలో ఈ వ్యవహారం మొత్తానికి కీలకం. భారత్ 2001 వైపు చూస్తుంది, అమెరికా మరణించిన రోజు వైపు. అందుకే ఆ రోజు నాటి విలువకు నివేదిక లేకపోతే, పదేళ్ల తర్వాత అమ్మేటప్పుడు అమెరికా లెక్కకు ఆధారమే ఉండదు. తండ్రి బతికుండగానే ప్రేమతో ఇల్లు దానపత్రం రాసిచ్చినా కథ మారిపోతుంది. దానమైతే అమెరికా మరణదినపు విలువ ఇవ్వదు. తండ్రి 1990లో పెట్టిన అసలు ధరే అక్క ధర అవుతుంది. 2001 విలువ కూడా అక్కడ చెల్లదు.

రెండు గడియారాలు కలవనప్పుడు

పై ఉదాహరణలో రెండు దేశాలూ ఒకే రోజున, ఒకే మనిషి దగ్గర పన్ను అడిగాయి. కెనడాలో ఆ అదృష్టం ఉండకపోవచ్చు. అక్కడ స్థిరపడిన తండ్రికి భారత్‌లో ఒక ఇల్లుంది. ఆయన కెనడా నివాసి అయిననాడు దాని విలువ 60 లక్షలు, చనిపోయిననాడు 1.5 కోట్లు. ప్రధాన నివాసానికి కెనడా ఇచ్చే పన్ను మినహాయింపును అక్కడి ఇంటికే వాడుకున్నారు కాబట్టి దీనికి వాడలేదు. చివరి రిటర్నులో 90 లక్షల లాభం చూపాలి, అందులో సగం పన్ను వేయదగిన ఆదాయం. అమ్మలేదు, డబ్బు రాలేదు, పన్ను మాత్రం వచ్చింది. మూడేళ్ల తర్వాత కొడుకు ఆ ఇల్లు అమ్మితే భారత్ తన పద్ధతిలో తండ్రి ధర నుంచే లాభం లెక్కిస్తుంది. ఆ 90 లక్షలు మళ్లీ లెక్కలోకి వచ్చాయి. కెనడాలో కట్టింది తండ్రి, భారత్‌లో కట్టేది కొడుకు. సంవత్సరాలూ వేరు, మనుషులూ వేరు. ఒకరి పన్నులోంచి ఇంకొకరిది తగ్గించే దారి సాధారణంగా దొరకదు.

పన్ను సున్నా, జరిమానా కాదు

అమెరికాలో ఉన్నవారికి ఒక ఇబ్బంది ఉంది. విదేశీయుడైన తండ్రి నుంచి ఒక ఏడాదిలో లక్ష డాలర్లు దాటిన వారసత్వం వస్తే ఫారం 3520లో తెలపాలి. దానిమీద పన్ను లేదు. తెలపకపోతే జరిమానా నెలకు 5 శాతం చొప్పున 25 శాతం దాకా పెరగవచ్చు. విచిత్రం ఏమిటంటే, సొంత పేరిట నేరుగా ఉన్న విదేశీ ఇంటిని ఏటా విదేశీ ఖాతాల నివేదికలో చూపనక్కర్లేదు. ఆ ఇంటి అద్దె జమయ్యే బ్యాంకు ఖాతాను, విదేశీ ఖాతాలన్నీ కలిపి 10 వేల డాలర్లు దాటితే, చూపాలి.

ఏది న్యాయం?

వారసత్వ పన్నును సమర్థించేవారి వాదం సూటిగా ఉంటుంది. పుట్టుక వల్ల వచ్చే సంపద మీద కాస్త తీసుకుంటే, కష్టం మీద వేసే పన్ను తగ్గించవచ్చు. 2021లో ఓఈసీడీ తన నివేదికలో, చనిపోయినవారి కుప్ప మీద కంటే వారసుడు పొందినదాని మీద పన్ను వేయడం మేలని మొగ్గు చూపింది. అదే నివేదిక ప్రకారం సభ్యదేశాల్లో 24 దేశాలు ఇలాంటి పన్నులు వేస్తున్నా, వాటి మొత్తం పన్ను రాబడిలో వీటి వాటా సగటున అర శాతమే. వ్యతిరేకించేవారు ఈ అంకెనే చూపి, ఇంత తక్కువ రాబడికి ఇంత గొడవెందుకని అడుగుతారు. భారత్‌లో గరిష్ఠంగా 85 శాతానికి చేరిన ఎస్టేట్ డ్యూటీని ఆర్థిక మంత్రి వి.పి.సింగ్ ఎత్తివేసినప్పుడూ, వచ్చేదాని కంటే వసూలు తంటా ఎక్కువన్నదే ప్రధాన కారణం.

ఇంటి విషయంలో ఇంకో అభ్యంతరం ఉంది, దానికి బలమూ ఉంది. షేర్లయితే కొన్ని అమ్మి పన్ను కట్టవచ్చు, ఇంట్లో ఒక గదిని అమ్మలేరు. చట్టాలూ దీన్ని కొంత గుర్తించాయి. బ్రిటన్‌లో ఇంటి మీద పన్నును పది వార్షిక వాయిదాల్లో కట్టవచ్చు. జర్మనీలో వారసుడు ఆ ఇంట్లోనే పదేళ్లు నివసిస్తే, 200 చదరపు మీటర్ల వరకు సంతానానికి పన్నే లేదు. అయితే ఈ రెండో సౌకర్యం సరిహద్దు దాటినవారికి అందదు. ఇల్లు ఒక దేశంలో, ఉద్యోగం ఇంకో దేశంలో ఉన్న కూతురు ఆ ఇంట్లో పదేళ్లు ఎలా ఉంటుంది?